నాన్న నడిచిన బండలు

మా ఇంట్లో నేల మార్పిద్దామని మొదట అన్నది నేనే. ముందు ఆ సంగతి చెప్పేస్తేనే మిగతాది చెప్పగలను.

వనస్థలిపురంలో ఆ ఇల్లు నాన్న కట్టించింది. తెనాలి దగ్గరి పల్లె నుంచి టెలిఫోన్ల శాఖలో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే స్థలం కొనుక్కుని, రెండు గదులు, హాలు, వంటిల్లు వేసుకున్నాడు. నేలకి నాపరాళ్ళు. తాండూరు దాకా వెళ్ళి తనే ఎంచి లారీలో వేయించుకొచ్చాడని అమ్మ చెప్పేది. రెండడుగుల పలకలు, మధ్యలో వేలు మందాన సిమెంటు గీతలు. ఎంత తుడిచినా మాసినట్టే కనిపించేవి.

అమ్మ పోయాక నేనూ మా ఆయనా అద్దె ఇల్లు ఖాళీ చేసి నాన్న దగ్గరికి వచ్చేశాం. మాకు పిల్లల్లేరు. నేను సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం కోఠిలో.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. వారానికో బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో షాపుల షట్టర్లు సగం దించి ఉంచేవాళ్ళు, ఎప్పుడు మూయాల్సి వస్తుందోనని. ఆ రోజుల్లోనే నాన్న బయటికి వెళ్ళడం మానేశాడు. రోజూ సాయంత్రం పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, కూరలు కొనుక్కుని గానీ ఇంటికి రాని మనిషి. ఏమైందని అడిగితే, "ఈ గొడవల్లో ఎక్కడికెళ్తానమ్మా" అనేవాడు. పొద్దున్నే పేపరు తెరిచి పట్టుకుని కూర్చునేవాడు. కానీ, "ఇవాళేం రాశారు?" అని నన్నే అడిగేవాడు. బంధువుల పెళ్ళికి రానన్నాడు. అప్పుడప్పుడు కళ్ళు మసకగా ఉన్నాయనేవాడు. ఏనాటి నుంచో గ్లకోమాకి చుక్కల మందు వేసుకుంటున్నాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

నేను దాన్ని బెంగ అనుకున్నాను. ముప్పై ఏళ్ళు బతికిన ఊళ్ళో ఉండనిస్తారో లేదోనన్న బెంగ. మా ఆయన కూడా అప్పుడప్పుడు, "అమ్మేసి గుంటూరో విజయవాడో పోదామా?" అంటూండేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాట వచ్చినప్పుడు నాన్న ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. 

"ఎక్కడికీ పోవద్దు. ముందు ఈ నేల మార్పిద్దాం. తెల్లటి టైల్స్ వేయిస్తే ఇల్లంతా వెలుగ్గా ఉంటుంది" అన్నాను.

నాన్న మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టాడు. తర్వాత, "వేయించమ్మా. వేయించామంటే ఉంటున్నట్టే కదా" అన్నాడు.

ఆదివారం ఆటోలో ఎల్బీనగర్ తీసుకెళ్ళాను. టైల్స్ షాపులో గోడలకి ఆనించి వందల రకాలు నిలబెట్టి ఉన్నాయి. నేను ఐవరీ రంగు దగ్గర ఆగిపోయాను. సన్నటి గోధుమరంగు చారలతో, అద్దంలా మెరుస్తోంది. నాన్న ఒక్కో పలకనీ అరచేత్తో తడుముతూ వస్తున్నాడు.

"ఏది బాగుంది నాన్నా?"

"అన్నీ నున్నగానే ఉన్నాయమ్మా. గరుకువి లేవా?"

"గరుకువైతే మట్టి పట్టేస్తుంది సార్. బాత్‌రూములకే వేస్తారు" అన్నాడు షాపతను.

"అయితే నీకు నచ్చిందే తీసుకో" అన్నాడు నాన్న నావైపు తిరిగి. నిజానికి నా వైపు కాదు, నాకు కాస్త పక్కగా. ఆ తేడా నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మేస్త్రీ దొరకడానికి నెల పట్టింది. మా ఆయన తెలిసినవాళ్ళ ద్వారా రాజమండ్రి వైపు మనిషిని మాట్లాడాడు. అతను రేపు వస్తాను, ఎల్లుండి వస్తానని చెప్పి, గొడవలకి భయపడి ఊరికి వెళ్ళిపోయాడు. చివరికి మా స్కూల్లో ఆయా ఒకతన్ని పంపింది. ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న పల్లె. యాభై ఏళ్ళుంటాయి. సిమెంటు మాల్ కలపడానికి, అందివ్వడానికి భార్యే తోడు. ఇద్దరూ బండి మీద వచ్చేవాళ్ళు.

మొదటిరోజు చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికొచ్చాడు. గొంతుక్కూర్చుని తాపీ పిడితో బండల మీద కొట్టి చూశాడు.

"ఎవలు ఏసిన్రోగని మంచిగ ఏసిన్రమ్మా. ఒక్క బండ గూడ బోలు లేదు. తీసుడు అవసరమా?"

"వీటి మీదే టైల్స్ వేయొచ్చా?"

"ఏయొచ్చు గని తలుపులు ఆగుతయి. అన్నీ కోయాలె."

"అయితే తీసేయండి" అన్నాను.

మర్నాడు నేను స్కూల్నుంచి వచ్చేసరికి హాల్లో బండలన్నీ లేపేశారు. అడుగున మట్టీ పాత సున్నమూ బయటపడ్డాయి. తీసిన రాళ్ళని ప్రహరీకి ఆనించి వరుసగా పేర్చారు. నేను గేటు తీస్తుంటే మేస్త్రీ చేతులు కడుక్కుని ఎదురొచ్చాడు.

"అమ్మా, జర ఒక మాట. పెద్దసారుకు కండ్లు కనవడ్తలేవు. మీకు ఎరుకేనా?"

"కొంచెం మసక. వయసు కదా" అన్నాను.

"మసక గాదమ్మా. అస్సల్కే కనవడ్తలేదు. నిన్న సూసిన. బండలు లెక్కవెట్టుకుంట నడుస్తుండు. ఆయన రూమ్ కాడికెల్లి నాలుగు బండలు, మళ్ళ పక్కకు మూడు. కాలు గీత మీద ఆనించి తిరుగుతుండు. ఇయ్యాల బండలు తీసేసరికి రూమ్ కడప కాడనే నిలబడ్డడు. బాత్‌రూమ్‌కు మా ఆమె చెయ్యి వట్టుకొని తోల్కపోయింది."

నాకు కోపం వచ్చింది. నిన్న వచ్చిన మనిషి మా నాన్న గురించి నాకు చెప్పడమేంటని. లోపలికి వెళ్ళాను. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడు చేయకుండా ఆయన ముందు నిలబడి చెయ్యి పైకెత్తి అటూ ఇటూ ఆడించాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చిన్నపిల్లల ఆటలా నేనలా చేసినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"నాన్నా" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడొచ్చావు?"

"నీకు కనపడటం లేదా?"

కిటికీ వైపు ముఖం తిప్పాడు. "వెలుతురు తెలుస్తుందమ్మా. కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది."

"ఎన్నాళ్ళయింది?"

"మీ అమ్మ పోయిన ఏడాదికి బాగా తగ్గిపోయింది. పోయిన చూపు ఇక రాదన్నాడు డాక్టరు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటావు. నీకున్నదే అదొకటి."

గొడవల భయం, ఊరి బెంగ, నేను అల్లుకున్నవన్నీ నా ఊహలే. ఆయనకి బంద్‌లు ఒక సాకుగా దొరికాయి, అంతే. ఏడుస్తూనే అడిగాను, "మరి నేల మార్చడానికి ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఉందామని నువ్వు అంత గట్టిగా అన్నావు కదమ్మా. ఎలా కాదంటాను? కొత్తది కూడా నెమ్మదిగా అలవాటైపోతుందిలే అనుకున్నాను."

మర్నాడు మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. నాన్న గదిలో బండలు తీయొద్దు. అక్కడి నుంచి హాలు మీదుగా బాత్‌రూము దాకా, వంటింటి దాకా పాత బండలే ఒక వరుస మళ్ళీ పరుస్తాడు. రెండు వైపులా టైల్స్ వస్తాయి.

గదిలో బండలు ఉంచేయడానికి నాన్న ఒప్పుకున్నాడు. హాల్లో మాత్రం వద్దన్నాడు. "వచ్చినవాళ్ళందరూ ఇదేంటని అడుగుతారు. ఏం చెప్తావు? గుడ్డివాడి కోసం వేశామని చెప్తావా?"

నేను ఆయన మాటే విన్నాను. ఆయన అభిమానం దెబ్బతినకూడదని అందరితో చెప్పాను. కానీ ఆ తెల్లటి నేల మధ్య మాసిన రాళ్ళ వరుస ఉండటం నాకూ ఇష్టం లేదు. ఆయన వద్దనగానే లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నాను. ఈ మాట మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

హాలు సగమయ్యేసరికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు ఆగిపోయిందని గంటలకి గంటలు కరెంటు తీసేసేవాళ్ళు. టైల్స్ కోసే మిషన్ ఆడేది కాదు. మేస్త్రీ రెండు రోజులొచ్చి నాలుగు రోజులు రాకుండా ఉండేవాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తుంటే తను కూడా కూర్చున్నానని దాచకుండా చెప్పాడు.

కరెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నాన్న అతన్ని మాటల్లో పెట్టేవాడు. ఒకసారి అడిగాడు, "తెలంగాణ వస్తే మమ్మల్ని పొమ్మంటారా మేస్త్రీ?"

"మిమ్ముల ఎవలు పొమ్మంటరు సార్? ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉన్నరు. మా నీళ్ళు మాకు గావాలె, మా కొలువులు మాకు గావాలె అంటున్నం. గంతే."

"అది న్యాయమే" అన్నాడు నాన్న. "మా ఆఫీసులో మీవాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళో నాకు తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

మేస్త్రీ ఆయనవైపు చూశాడు. ఆ రోజు నుంచి, కరెంటు ఉన్నా లేకపోయినా, సగం నేల మీద నాన్నని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ నడిపించేవాడు.

దీపావళి ముందు పని అయిపోయింది. నేల నేను కోరుకున్నట్టే వచ్చింది. గీతలు వెతికినా కనపడనంత సన్నంగా కలిపాడు. అంత బాగా కలపడమే నాన్నకి శాపమైంది. ఆయన పాదానికి ఏదీ తగిలేది కాదు. గోడ పట్టుకుని వెళ్ళేవాడు. అలవాటవుతుందిలే అనేవాడు. నేను నమ్మాను. ఇంకో దారి లేక కాదు, నమ్మితే స్కూలుకి వెళ్ళొచ్చు కాబట్టి.

పదిహేను రోజుల తర్వాత, సాయంత్రం నాలుగున్నరకి నా తాళంచెవితో తలుపు తీశాను. నాన్న హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ కొంచెం ముందుకి చాచి ఉన్నాయి. కాళ్ళు వణుకుతున్నాయి.

"ఏంటి నాన్నా ఇక్కడ నిలబడ్డావు?"

"ఇప్పుడే వచ్చానమ్మా. మంచినీళ్ళ కోసం."

పంచె తడిసి ఉంది. బల్ల మీద పొద్దున నేను పెట్టి వెళ్ళిన అన్నం మూత తీయకుండా అలాగే ఉంది. ఫోను మోగితే తీద్దామని గోడ వదిలాడట. నాలుగు అడుగులు వేశాక ఫోను ఆగిపోయింది. ఎటు తిరిగి ఉన్నాడో తెలియలేదు. కూర్చుంటే లేవలేనేమో, నడిస్తే దేనికో కొట్టుకుని పడతానేమో అని అలాగే ఉండిపోయాడు. అన్నం వేళకి ముందు నుంచి. ఇదంతా తర్వాత చాలా రోజులకి, నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

ఆ మర్నాడే మేస్త్రీకి ఫోను చేశాను. ఈసారి నాన్న వద్దన్నా వినలేదు. నాలుగు వరసల టైల్స్ పగలగొట్టి, ప్రహరీ దగ్గరున్న రాళ్ళలో మంచివి ఏరి దారి వేశాడు. పనంతా అయ్యాక నాన్న చెయ్యి పట్టుకుని ఆయన గది గడప దగ్గర నిలబెట్టాడు. "సార్, ఇగ నడువున్రి. నాలుగు బండలు, మళ్ళ పక్కకు మూడు. ఎప్పటి లెక్కనే."

నాన్న ఒక కాలు ముందుకు వేశాడు. బొటనవేలితో గీతని తడిమాడు. రెండో అడుగు వేయలేదు. కాసేపు చూసి మేస్త్రీ భార్య, "అడుగు ఏయున్రి సారూ, మేం ఉన్నం గద" అంది.

"కాళ్ళకి ధైర్యం చాలట్లేదమ్మా" అన్నాడు నాన్న. ఆ మాట ఆవిడకి క్షమాపణలా చెప్పాడు.

తర్వాత కూడా చాలాసార్లు ప్రయత్నించాం. నేను పక్కనుంటే నడిచేవాడు. చెయ్యి వదిలితే ఆగిపోయేవాడు. డిసెంబరులో నేను ఉద్యోగం మానేశాను. ఆ రోజు నాన్న నాతో మాట్లాడలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. ఏది జరగకూడదని రెండేళ్ళు పేపరు తెరిచి పట్టుకుని కూర్చున్నాడో అదే జరిగింది.

ఆ గదిలోనే ఇంకో ఏడాదిన్నర బతికాడు. మంచానికీ కిటికీకీ మధ్య తిరిగేవాడు. కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద ఊరేగింపుల నినాదాలు వినేవాడు, ఎవరు ఏమంటున్నారో నాకు చెప్పేవాడు. ఎండాకాలంలో జ్వరమొచ్చి, న్యుమోనియా అన్నారు. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి తిరిగి రాలేదు.

పదో రోజుకి బంధువులంతా వచ్చారు. హాల్లో కూర్చుని ఇల్లు కలయజూశారు. "మంచి టైల్స్ వేయించావే, మధ్యలో ఈ రాళ్ళేంటి?" అని మా పిన్ని అడిగింది. నాన్న కోసం అని చెప్పాను. ఆయన భయపడినంత ఏమీ జరగలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మంచిపని చేశావమ్మా" అంది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఎవరు చెప్పారో, మధ్యాహ్నం మేస్త్రీ, భార్య వచ్చారు. ఎంత పిలిచినా లోపలికి రాకుండా వరండాలోనే కూర్చున్నారు. భోజనాలు పెట్టాను. తినడం అయ్యాక, చేతులు తుడుచుకుంటూ అతను అడిగాడు.

"అమ్మా, మేం ఏసిన బాట మీద పెద్దసారు నడిసిండా?"

"నడిచారు" అన్నాను. "రోజూ నడిచారు."

"ఒక్కడేనా?"

"ఒక్కరే."

అతను భార్య వైపు తిరిగి, "నేను జెప్పలే?" అన్నాడు. ఆవిడ నవ్వింది. వాళ్ళు బండెక్కి సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను.