నీలవ్వకు ఓటెందుకిచ్చారంటే

మా కాలనీ నీలవ్వను చూస్తే నోరు లేని మనిషనుకుంటారు. అనుకోండి! ఊరి కమిటీవాళ్లూ అట్లాగే అనుకున్నారు.

ఆర్మూర్‌కు ఇవతల, ఒక ఊరి పొలిమేరలో మాది కొత్త కాలనీ. వేరే పంచాయతీ కావాలని అడుగుతూనే ఉన్నాం. అది వచ్చేదాకా ఊరి కమిటీలో మా తరఫున ఒకరు కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. ఓటింగప్పుడు మాత్రం చెయ్యి ఎత్తకూడదు. ఇదేం న్యాయమో! మగవాళ్లంతా పనుందని తప్పుకుంటే నీలవ్వ వెళ్లింది.

ఈ మార్చిలో మబ్బు పట్టింది. ఊరందరికీ పసుపు ఉడికించే బాయిలర్ ఒక్కటే. అది ఎవరి కల్లానికి ముందు పోవాలో కమిటీ తేలుస్తుంది. మా వంతు ఎప్పుడూ చివరే. నీలవ్వ కౌలుకు వేసిన పసుపు తవ్వి కుప్ప పోసి ఉంది. ఉడకకముందే వాన తగిలితే ఏడాది కష్టం కుళ్లిపోతుంది.

"ఓటు లేనోళ్లం ఏం జేస్తం సారూ?" అని మా బడి పంతులు దయానంద్‌ను అడిగింది.

"అమెరికాల పడమటి దిక్కు జాగలు రాష్ట్రాలు గాకముందు గిట్లనే ఉండె అవ్వా. దేశ సభకు ఒక మనిషిని పంపేటోళ్లు. మాట్లాడొచ్చు, ఓటు లేదు."

"మరి గా మనిషేం జేసేటోడు?"

"మాట్లాడుతనే ఉండేటోడు."

"గట్లనా," అంది నీలవ్వ.

కమిటీలో ఒక కట్టుబాటుంది: ఒకరు మాట్లాడుతుండగా చేతులెత్తించరు. బాయిలర్ వంతులు తేల్చేనాడు నీలవ్వ లేచింది. కాలనీలో ఇంటింటి పసుపు సంగతి ఎత్తుకుంది. కప్పడానికి టార్పాలిన్ పట్టా లేక ఎంకవ్వ కుప్ప మీద తన చీరలు పరిచిందని చెప్పింది. పొద్దు నెత్తికెక్కింది. గుమ్మంలో నిలబడ్డ నాకే కడుపులో ఎలుకలు పరుగెత్తాయి.

"జర ఆపు తల్లీ, బువ్వకు పోవాలె," అన్నాడు కమిటీ పెద్ద నరహరి.

"నాకున్నది నోరొక్కటే గద పటేలా. గది గూడ మూసుకోమంటవా?" అని మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి విత్తనం పెట్టిన రోజు నుంచి.

నరహరి తల పట్టుకున్నాడు. "ఈమెకు ఓటన్న ఇయ్యుండ్రి, బాయిలరన్న ఇయ్యుండ్రి. లేకుంటే గీడనే పొద్దుగూకుతది!"

"రెండూ ఇయ్యుండ్రి," అంది నీలవ్వ, నవ్వకుండా.

ఆకలి మీదున్న చేతులన్నీ ఒక్కసారే లేచాయి. మర్నాడే బాయిలర్ మా కాలనీకి వచ్చింది. రెండు వారాలకు వాన పడేసరికి నీలవ్వ పసుపు ఉడికి, ఆరి, బస్తాల్లోకి ఎక్కింది.

తర్వాతి కమిటీకి నేనూ వెళ్లాను. నరహరి ఇంకా నోరు తెరవకముందే నీలవ్వ చెయ్యి లేచింది, మోచేతిదాకా పసుపుతో పచ్చగా.

"ఆగవ్వా, దేనికో చెప్పనియ్యి!"

"చెప్పు పటేలా," అంది. చెయ్యి మాత్రం దించలేదు.