రెండు దారులు, ఒక్క స్తంభం

సారంగపాణి కుడి పిడికిలి మామూలు మనుషుల పిడికిలిలా ఉండదు. కణుపులు చదునెక్కి, పైన చర్మం కాయ కాసి ఉంటుంది. వాళ్ళ నాన్న మొండయ్య మార్కెట్ యార్డులో హమాలీ. మిరప బస్తాలు మోసి మోసి ఆయన మెడ మీద కాయ కాసింది. కొడుక్కి మనుషుల్ని కొట్టి కొట్టి పిడికిలి మీద కాసింది.

ఈడు పిల్లలు కాలేజీలకు పోతున్నప్పుడు పాణి సదానందం దగ్గర చేరాడు. కాశీబుగ్గ అవతల సగం ఇళ్ళకు కేబుల్ టీవీ ఇచ్చేది సదానందమే, తర్వాత ఇంటర్నెట్ ఇచ్చిందీ అతనే. పాణి పేరుకే లైన్‌మన్. అసలు పని వేరు. సదానందం స్తంభాల మీద ఇంకొకడి వైరు కనిపిస్తే కోసెయ్యాలి. ఆ వైరు తాలూకు మనిషి వస్తే తన్నాలి. ఒకసారి ఒకడు నిచ్చెన మీదుండి వైరు బిగిస్తుంటే పాణి కింద నుంచి నిచ్చెన లాగేశాడు. మోకాలు బొటుక్కుమన్న చప్పుడు రోడ్డవతల పాన్‌షాపు దాకా వినిపించింది. ఆ మనిషి పేరు ఇప్పటికీ పాణికి తెలియదు. కుంటుతూ నడిచే వాడెవడు ఎదురైనా మొహం పరికించి చూస్తాడు.

ఆ తర్వాత సదానందాన్ని వదిలేశాడు. వదిలేసినందుకు సదానందం మనుషులు వచ్చి కొట్టారు. వచ్చినవాళ్ళలో ఇద్దరు పళ్ళు పోగొట్టుకుని వెళ్ళారు. అప్పట్నుంచీ పాణి దొరికిన పుస్తకమల్లా చదివి, ఫోన్‌లో పాఠాలు చూసి, నెట్‌వర్క్ వేయడం కాదు, దానికి ప్లాన్ గీయడం నేర్చుకున్నాడు. హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం పైన చిన్న ఆఫీసు పెట్టాడు. దీప్తి అనే ఇంజనీరమ్మాయి భాగస్వామి. ఆమె గీస్తుంది. అతను దారి పొడుగునా నడిచి చూసి వస్తాడు.

పని మారింది గాని చెయ్యి మారలేదు. పోయిన వానాకాలం పెట్రోలు బంకులో ఎవడో తన బండిని గీకించుకుంటూ పోయాడని వాడి దవడ విరగ్గొట్టాడు. ముందు కూర్చున్న కూతురు కావ్య అదంతా చూసింది. ఇంటికొచ్చాక చూస్తే పిల్ల గౌను తడిసి ఉంది.

భార్య అనూష అరవలేదు, ఏడవలేదు. ఆమె దవాఖానలో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. రక్తం చూసి బెదిరే మనిషి కాదు.

“నీ బిడ్డ నిన్ను జూసి ఉచ్చ పోసుకున్నది” అంది. “ఇంకొక్కసారి నీ చెయ్యి లేస్తే నేను పిల్లను దీస్కొని ములుగు పోత. మా అమ్మ ఎందుకొచ్చినవని అడుగది. నువ్వు గూడ ఎందుకు పోతానవని అడుగొద్దు.”

పాణి సరే అన్నాడు. కొట్టకుండా బతకడం ఎట్లాగో నేర్పే పాఠం మాత్రం ఫోన్‌లో దొరకలేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పని రాజేశ్వర్ రావుది. మిర్చి వ్యాపారి. యార్డు అవతల కొత్తగా కోల్డ్ స్టోరేజీ కట్టాడు. రైతు బస్తాలు గేటు దగ్గర తూకం వేయగానే లెక్క నగరంలోని దుకాణానికి చేరాలి. అక్కడ సరిచూసి పంపితేనే గేటు దగ్గర రసీదు వస్తుంది. రసీదు వస్తేనే బస్తా లోపలికి పోతుంది.

ఆ గోదాం ఆఫీసులోనే జరిగిన మొదటి మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూనే రావు తన గుమాస్తా చెంప ఛెళ్ళుమనిపించాడు. ఫ్యాను ఆలస్యంగా వేశాడట. గుమాస్తా ఒక చేత్తో కళ్ళజోడు సరిచేసుకుని ఇంకో చేత్తో ఫ్యాను వేశాడు. బల్ల కింద పాణి పిడికిలి బిగుసుకుంది. తొడకేసి నొక్కి పట్టాడు.

“సీజన్ల లైన్ ఒక్క నిమిషం ఆగద్దు” అన్నాడు రావు. “ఎండల బస్తాలు బెట్టుకొని రైతు నిలబడ్డప్పుడు రసీదు రాకపోతే మమ్ముల్ని నిలువునా చీరుతరు. సమజైందా?”

దీప్తి తాను గీసిన ప్లాను బల్ల మీద పరిచింది. “సార్, అందుకే రెండు దారులు పెట్టినం. రెండు వేరే వేరే కంపెనీల లైన్లు. ఒకటి తెగినా ఇంకోటి...”

రావు ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టాడు. “గీ బొమ్మలు నాకెందుకమ్మా? పాణి ఉన్నడు గదా” అన్నాడు.

తన పనితనం మీద నమ్మకం అనుకుని పాణి లోలోపల పొంగిపోయాడు. ఇంటికి పోయి అనూషకు చెప్పుకున్నాడు కూడా.

పని పద్ధతిగా నడిపాడు. ముందు సర్వే, తర్వాత ప్లాను, ఆ తర్వాతే కేబుల్. ఎవడు ఏ రోజు ఎక్కడుండాలో గోడ మీద రాసిపెట్టాడు. దుకాణం నుంచి గోదాం దాకా రెండు దారులూ కాలినడకన చూశాడు. ఒక్క గల్లీ తప్ప. రైల్వే గేటు అవతల సదానందం ఆఫీసున్న గల్లీ. మూల మీద బండి ఆపి చూస్తే, టీ బండి చుట్టూ సదానందం పోరలు కూర్చుని ఉన్నారు. లోపలికి పోతే మాటా మాటా వస్తుంది. మాట వస్తే చెయ్యి లేస్తుంది. పాణి బండి వెనక్కి తిప్పాడు. కంపెనీ ఇచ్చిన మ్యాపులో రెండో లైను వేరే వీధి గుండా పోతున్నట్టు ఉంది. అదే రాసిచ్చాడు.

“అన్నా, గేటు అవతల గల్లీ గూడ చూసినవా?” అని దీప్తి అడిగింది.

“చూసిన” అన్నాడు.

ఈ ఊళ్ళో పేరు ఏ కంపెనీదైనా ఆఖరి గల్లీ మాత్రం అక్కడి పెత్తందారుదే. ఎక్కడి నుంచో వచ్చిన రెండు కంపెనీల తీగలూ సదానందం చేతికి వచ్చి, అతని ఆఫీసు ముందున్న ఒకే స్తంభం ఎక్కి దిగి పోతున్నాయి. ఆ గల్లీలోకి తలెత్తి చూసిన ఎవడికైనా కనిపించేదే.

గోదాం తెరిచిన రోజు ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరాయి. మిరప ఘాటుకు మనుషులు తుమ్ముతూ, దగ్గుతూ, ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. ఎండ నెత్తికెక్కే వేళకు, రెండు లైన్లూ వచ్చి కలిసే మిషన్ మీద పచ్చ లైట్లు రెండూ ఒక్కసారే ఎర్రబడ్డాయి.

దీప్తి లైట్ల వైపు చూసింది. తర్వాత పాణి వైపు చూసింది.

“రెండూ ఒక్కసారే ఎట్ల పోతయన్నా? ఆ గల్లీ చూడలే గదా నువ్వు!”

పాణి మిషన్ వెనక తీగలు ఊడదీసి మళ్ళీ బిగించాడు.

కాసేపు రైతులు ఓపిక పట్టారు. తర్వాత ఎవడో కిటికీ అద్దం మీద రాయి విసిరాడు. దాంతో కట్ట తెగింది. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒక రైతు తూకం వేసే మనిషిని గల్లా పట్టి బయటికి గుంజాడు. “పొద్దుగూకేదాంక నిలబెడ్తావుర? నా కాయ నీ అయ్య ఎండబెడ్తాండా?” అంటూ తల కాంటాకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. కారిన రక్తం కింద చిందిన మిరపకాయల మీద పడి, ఏది కాయో ఏది నెత్తురో తెలియకుండా పోయింది.

రాజేశ్వర్ రావు కారు దిగి సరాసరి పాణి దగ్గరికి వచ్చాడు. అంతమంది చూస్తుండగా లాగి చెంపదెబ్బ కొట్టాడు.

“నిలబడి జూస్తవేందిరా? యాడ తెగిందో నీకెరికే గదా. పో!”

పాణి చెవిలో గుయ్యిమంది. నోట్లో ఉప్పగా తగిలింది. రావు మెడ చేతికందేంత దూరంలో ఉంది. పాణి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కావ్య తడి గౌను తలుచుకున్నాడు. తీగలతికించే మిషన్ పెట్టె తీసుకుని బండెక్కాడు. వద్దంటున్నా దీప్తి వెనక ఎక్కింది.

సదానందం ఆఫీసు ముందు స్తంభం మీది నుంచి రెండు తీగలూ చచ్చిన పాముల్లా వేలాడుతున్నాయి. ఎవరో గొడ్డలితో నరికారు. పాణి ఎవరినీ ఏమీ అడగలేదు. కూల్‌డ్రింకు ట్రే బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మిషన్ ఒళ్ళో పెట్టుకుని పని మొదలుపెట్టాడు. లోపలి గాజు పోగు వెంట్రుకంత ఉంటుంది. దాని కొస శుభ్రం చేసి, నున్నగా కోసి, ఇంకో కొసకు ఎదురుగా పెట్టి అతికించాలి. చెయ్యి వణికితే పోగు విరుగుతుంది.

పోరలు చుట్టూ మూగారు.

“ఏం పాణన్నా, కుట్టు మిషన్ బెట్టినవా? నా లుంగీ చినిగింది, జర కుట్టియ్ రాదే!”

వెనక నుంచి నెత్తి మీద ఒక దెబ్బ. పోగు విరిగింది. పాణి కొస మళ్ళీ ఒలిచాడు. ఈసారి వీపు మీద తన్నారు. ముందుకు తూలి, మిషన్‌ను పొట్టకు అదుముకుని, లేచి కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు.

“అరే, గీనె పాణేనారా? నిచ్చెన గుంజిన పాణేనా? అన్న భజన్ల గలిసిండో ఏందో!”

దీప్తి పోలీసులకు ఫోన్ కలపబోయింది. ఒకడు ఆ ఫోన్ లాక్కుని మురుగు మోరీలో పడేశాడు. బెల్టు బకిల్ తగిలి పాణి కనుబొమ్మ తెగింది. కంట్లోకి నెత్తురు దిగుతుంటే భుజానికి తుడుచుకుంటూ మొదటి పోగు అతికించాడు. అతుకు కుదిరినట్టు మిషన్ చిన్నగా కూత పెట్టింది. ఆ కూత వినగానే చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది అతనికి. కొట్టకుండానే అయిపోతుందేమో అనిపించింది.

అప్పుడు సదానందం ఆఫీసు మెట్లు దిగి వచ్చాడు. తెల్లచొక్కా, నోట్లో వక్కపొడి.

“నీకు స్తంభం ఎక్కుడు నేర్పింది నేను. ఎవని కాలు ఏడ ఇరుగుతదో నేర్పింది నేను” అన్నాడు తాపీగా. “ఒక్కసారి వచ్చి, అన్నా, నీ స్తంభం మీంచి పోవచ్చా అని అడిగితే వద్దంటుంటినారా? మూల మీద బండి తిప్పుకొని పోయినవట. నా పోరలు జూసిండ్రు. నా మొకం జూస్తే పాపమా?”

“ఇప్పుడు అడుగుతానన్నా” అన్నాడు పాణి, పోగు మీంచి చూపు తిప్పకుండా. “జర ఒక్కటి అతికించుకోనియ్యి.”

“ఇప్పుడా?” అని సదానందం కాలెత్తి మిషన్ మీద తొక్కాడు.

ప్లాస్టిక్ పెంకులు పాణి తొడలోకి దిగాయి. తర్వాత జరిగిందంతా చెయ్యే చేసింది. మొదటి దెబ్బకు సదానందం ముక్కు పచ్చి కొబ్బరికాయలా పగిలింది. రెండో దెబ్బకు పడిపోయాడు. పడ్డాక కూడా పాణి అతని ఛాతీ మీద మోకాలు పెట్టి కొట్టాడు. తెల్లచొక్కా ముందంతా తడిసిపోయింది. వక్కపొడి ఏదో పళ్ళేవో తెలియకుండా నోట్లోంచి ఏవేవో రాలాయి. పోరలు దూరం జరిగారు. “అన్నా, సచ్చిపోతడు! ఇడువు!” అని దీప్తి వెనక నుంచి చొక్కా పట్టి గుంజింది. ఎవరో తెలుసుకోకుండానే పాణి మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె సిమెంటు దిమ్మె మీద పడింది. మణికట్టు విరిగిన చప్పుడు అతనికి తెలిసిన చప్పుడే. నిచ్చెన రోజున విన్నదే. అప్పుడు ఆగాడు.

సదానందాన్ని ఆటోలో దవాఖానకు పంపి, పోరలే తమ ఆఫీసులోంచి మిషన్ తెచ్చారు. ఎవరూ అడగకుండానే తీగలు రెండూ అతికించారు. లుంగీ కుట్టమన్నవాడు పాణికి నీళ్ళ సీసా అందించి, “అన్నా, ఇగ మస్తు వస్తాంది లైను” అన్నాడు వినయంగా.

గోదాంలో పచ్చ లైట్లు వెలిగాయి. రసీదులు వస్తున్నాయి. విరిగిన చేతికి చున్నీ కట్టుకుని దీప్తి తన ల్యాప్‌టాప్ తీసుకోవడానికి వచ్చింది. రాజేశ్వర్ రావు నవ్వుతూ పాణి భుజం మీద చెయ్యి వేశాడు.

“సదానందంగాన్ని పండబెట్టినవట గదా! గిందుకే గదరా నిన్ను పట్టుకున్నది. గీతలు గీసెటోళ్ళు హైదరాబాద్ల బొచ్చెడు మంది. వాణ్ణి కొట్టెటోడు గీడ నువ్వొక్కనివే. ముందుగాల్నే కొడితే ఇయ్యాల గీ లొల్లే ఉండకపోవు. వర్ధన్నపేట గోదాం గూడ నీదే, పో!”

టీ మరక పడ్డ ప్లాను ఇంకా ఆ బల్ల మీదే ఉంది. దీప్తి దాన్ని తీసుకోలేదు.

“ఇగ నువ్వే గీసుకో అన్నా” అని వెళ్ళిపోయింది.

పొద్దు వాలకముందే పాణి ఇల్లు చేరాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. తలుపు తీసిన అనూష కనుబొమ్మ మీద గాయం చూసింది. దూది తెచ్చి తుడిచింది. బెల్టు దెబ్బని ఆమెకు చెప్పనక్కర్లేదు.

“నువ్వు దెబ్బలు తిన్నవా?” అంది. ఆ గొంతులో ఆశ ఉంది.

“తిన్న.”

“చేతులు సూపియ్.”

ఎడమ చెయ్యి చాపాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

“అది.”

మిషన్ మీద పడిందని చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాడు. కాని జేబులోంచి చెయ్యి రానంటే రాలేదు, అంత వాచింది. గుంజి తీశాడు. కణుపుల మధ్య సదానందం పంటి గాటు లోతుగా దిగి ఉంది. అనూష దాన్ని కడిగింది, మందు రాసింది, కట్టు కట్టింది. దవాఖానలో ఎవరికైనా ఎట్లా కడుతుందో అట్లాగే కట్టింది. తర్వాత లేచి అలమరా తెరిచింది.

కావ్య వాళ్ళమ్మ చెప్పకముందే గడప దగ్గర కూర్చుని చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక చెప్పు పట్టీ పట్టడం లేదు. పెడదామని పాణి వంగాడు.

పాప కాలు వెనక్కి తీసుకుంది.