గడ్డపార దిగని నేల

మంచు తెల్లగా ఉంటుందని, మెత్తగా ఉంటుందని, చూస్తే ప్రాణం లేచొస్తుందని అందరూ చెప్పారు. దాని కింద నేల రాయైపోతుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నర్సు ఉద్యోగానికి ఈ కొండల దేశం వచ్చిన మొదటి చలికాలం నాకు ఒళ్లు మండిపోయింది. చలికి కాదు, పక్కనున్నవాళ్లు మాటిమాటికీ "ఎంత బాగుందో కదా" అంటుంటే. పచ్చని ఆకు ఒక్కటి కనబడదు, పిట్ట పలకదు, నెలల తరబడి ఏదీ మొలవదు. మా దగ్గర ఎండ చేసే పనే ఇక్కడ మంచు చేస్తోంది. నందికొట్కూరు దగ్గర మా ఊరి పొలాలను మే నెలలో చూసి ఎవరూ ఫోటోలు తీసుకోరు మరి.

అయినా మెల్లగా అలవాటైంది. నేనున్న ఊరు లోయ అంచున ఉంది. అడుగున సన్నగా నది, అటూ ఇటూ నిలువునా బండలు. ఆ తెలుపు తీసేస్తే గండికోట దగ్గర పెన్న లాగే ఉంటుంది. ఇళ్లకు పైన పలకరాళ్లు పరుస్తారు, మేం నాపరాళ్లు పరిచినట్టే. ప్రతి గోడకూ ఆనించి చలికాలానికి కట్టెలు పేర్చుకుంటారు. ఆ పేర్పు చూసి ఇంటావిడ ఎలాంటిదో చెప్పేయొచ్చు. మా అక్క గడ్డివామి చూసి అలాగే చెప్పేది.

నన్ను పెంచింది అక్కే. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, నాకంటే పదకొండేళ్లు పెద్దదైన అక్క నన్ను చంకనేసుకుంది. కూలికి పోయి నర్సింగు చదివించింది. పోయిన మే నెలలో, ఉన్నట్టుండి గుండె ఆగి, అక్క పోయింది. నేను సెలవు అడిగి టికెట్టు చూసేలోపే అక్కడ ఏర్పాట్లు మొదలయ్యాయి. మా ఎండల్లో మనిషిని ఎక్కువసేపు ఉంచుకోలేరు.

మా ఊరి క్రైస్తవుల్లో ఒక ఆనవాయితీ ఉంది. వేసవిలో ఎవరైనా పోతే సమాధి తవ్వడం మాటలు కాదు. ఎర్రనేల ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. గడ్డపార వేస్తే టంగుమని వెనక్కి ఎగురుతుంది. అందుకని ముందురోజు పొద్దుగూకే వేళ, పాస్టరయ్య గుంటకు గీత గీయించాక, ఇంటికొక బిందె చొప్పున ఆడవాళ్లు నీళ్లు మోసుకొచ్చి ఆ గీతల మధ్య పోస్తారు. తెల్లారేసరికి నేల నాని దారికొస్తుంది. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో తాగడానికి దాచుకున్న నీళ్లవి. పోయినవాళ్లతో మాటల్లేని ఇంటివాళ్లు కూడా తెస్తారు.

ఆ సాయంత్రం బావ ఫోన్లో అంతా చూపిస్తున్నాడు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి పోస్తున్నారు.

"బావా, మరి నా బిందె?" అన్నాను.

"నీ పేరు మింద పిన్నమ్మ పోసిందిలే పాపా. యాడో అంత దూరాన ఉండావు, నువ్వేం చేస్తావు? మనసులో పెట్టుకోవాకు" అన్నాడు.

పెట్టుకున్నాను. ఇంకొకరు మోసిన బిందె నాదెలా అవుతుంది? నన్ను చంకన మోసిన మనిషికి నేను ఒక్క బిందె మోయలేదు. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ జనవరిలో, నేను రోజూ ఇంటికెళ్లి చూసుకుంటున్న ముసలావిడ కన్నుమూసింది. పిల్లలు లేరు. ఎనభై దాటిన భర్త ఒక్కడే. సమాధులు తవ్వే యంత్రం దిగువ పట్నం నుంచి రావాలి. మంచు పడి దారి మూసుకుపోయింది. దారి తెరిచేదాకా చర్చి పక్కన శవాలుంచే చలిగదిలోనే ఉంచుదామని చర్చి పనులు చూసే ఆయన అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఆమెను ఆ చలిగదిలో ఒంటరిగా ఇంకో రోజు ఉంచను, రేపే" అన్నాడు. సరే, చేతులతోనే తవ్వుదామనుకున్నారు. మంచు ఎత్తిపోసి, నేల మీద సున్నంతో గీత గీసి వెళ్లారు.

పొద్దుగూకుతుండగా అటువైపు వెళ్లి ఆ గీత చూశాను. ఆ తర్వాత నేను ఆలోచించలేదు, కాళ్లే నడిచాయి. ఇంటికెళ్లి నీళ్లు కాచి, రెండు బకెట్లు మోసుకొచ్చి గీతల మధ్య పోశాను. వేడినీళ్లు పోశాను కాబట్టి తెలివైన పనే చేశాననుకున్నాను. ఆవిరి లేస్తుంటే మనసులో "అక్కా" అనుకున్నాను కూడా.

పొద్దున చూస్తే సమాధి చోట అద్దంలా మంచుపలక. చర్చి ఆయన వేసిన గడ్డపార సర్రున జారి ఆయన కాలి పక్కనే పడింది. "ఎవడు చేశాడీ పని?" అని అరిచాడు. పిల్లల అల్లరనుకుని ఒకరిద్దరు తిట్టారు. పెద్దాయన కర్ర మీద ఆనుకుని నిలబడి ఆ పలకనే చూస్తున్నాడు. ఆయన అడిగింది ఒక్కటే, రేపే కావాలని. దాన్ని నేను పాడుచేశాను. తల కొట్టేసినట్టయింది.

"నేనే చేశాను" అన్నాను.

ఎందుకన్నారు. చెప్పాను. ఎండ గురించి, ఎర్రనేల గురించి, బిందెల గురించి, అక్క గురించి. వచ్చీరాని వాళ్ల భాషలో అన్నీ చెప్పేశాను. చర్చి ఆయన టోపీ సర్దుకుని, "మేమైతే నేల కరగడానికి నిప్పు పెడతాం. నిన్ననే పెట్టాల్సింది, గాలి ఎక్కువని ఆగాను" అన్నాడు.

ఇంటింటికీ కబురు వెళ్లింది. ఆ పేర్పుల్లోంచి ఇంటికొక మోపు కట్టెలు వచ్చాయి. పెద్దాయన పొరుగింటావిడ కూడా తెచ్చింది, ఆమెకూ ఆయన ఇంటికీ ఏళ్లుగా మాటల్లేవు. మంట కాస్త తగ్గాక, వేడి పైకి పోకుండా నిప్పుల మీద ఇనపరేకులు కప్పారు. మధ్యాహ్నానికి నేల చెమర్చింది. "నీ బకెట్లకు రెండు మోపులు అదనంగా పట్టాయి" అని చర్చి ఆయన నా వైపు చూసి అన్నాడు. గడ్డపారలు దిగాయి. నేనూ పార పట్టి మట్టి ఎత్తాను, ఎవరూ వద్దనలేదు.

వెలుతురుండగానే ఆమెను దించారు. పెద్దాయన పిడికెడు మట్టి వేసి, నన్ను పిలిచాడు. వేశాను. వెనక్కి తిరగబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకొకటి వెయ్యి. మీ అక్కకు" అన్నాడు.

వంగి మట్టి తీసుకున్నాను, ఇంకా గోరువెచ్చగా ఉంది. వేసి, మా ఊళ్లో ఏడ్చినట్టు, అక్కను పిలుస్తూ గొంతెత్తి ఏడ్చాను. ఈ దేశంలో అలా ఎవరూ ఏడవరు. నన్నెవరూ ఆపలేదు.