తెల్లగా పూసిన ఊదా క్లోవర్

డాలస్ విమానాశ్రయంలో విమానం ఆలస్యమైన ఒక మధ్యాహ్నం, మెట్ట గడ్డిభూముల్లో సేకరించి ఎండబెట్టి కాగితాలకు అంటించిన ప్రెయిరీ క్లోవర్ అనే అడవి పూల మొక్కలను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. వాటిలో ఊదా పూలది ఒక జాతి, తెల్ల పూలది మరొకటి. ఒక మొక్కకు మాత్రం పూలు తెల్లగా, ఆకులు ఊదా జాతికి ఉన్నట్టు సన్నగా ఉన్నాయి. అది నా మొదటి సేకరణ. మర్నాడు ప్రొఫెసర్‌కు తప్పు పేరుతో ఇస్తానేమోనని భయపడుతున్నాను.

"బాటనీయా అమ్మా?" అని పక్క కుర్చీలోని పెద్దాయన తెలుగులో అడిగారు. డాలస్ పక్కనే ఉన్న కాపెల్‌లో కూతురి దగ్గర కొన్ని నెలలుండి ఇండియాకి తిరిగి వెళ్తున్నారట.

"అవునండీ. మీరు లెక్చరరా?"

"అటెండర్ని. ముప్పై ఏళ్లు ప్రాక్టికల్ పరీక్షలకి స్పెసిమెన్లు పెట్టాను."

"అయితే ఇదేమిటో చెప్పగలరా సార్?"

"ఈ దేశం మొక్క నాకేం తెలుసు? తెలిసినా చెప్పను. హాల్లో ఆన్సర్లు చెప్పే అటెండర్‌ని కాలేజీలో ఉంచుతారా?" అని నవ్వారు.

ఆ తర్వాత ఆ మొక్క ఉన్న కాగితాన్ని మెల్లగా వెలుతురు వైపు తిప్పారు. ఎండిన రేకు ఒక్కటీ రాలలేదు. నా భూతద్దాన్ని పూరేకుల మీద కాకుండా వాటిని కింద పట్టి ఉంచే గిన్నెలాంటి చిన్న తొడుగు మీద ఉంచి, చేయి తీసేశారు.

"రంగుని నమ్మకమ్మా," అన్నారు.

ఆ గిన్నె మీదంతా మెత్తని నూగు కనిపించింది. తెల్ల జాతికి అక్కడ నున్నగా ఉంటుంది. ఇది అరుదుగా తెల్లగా పూసిన ఊదా జాతి. కాగితం మూలనున్న చీటీ మీద పేరు మార్చి రాశాను.

"కరెక్టేనా సార్?"

ఆయన కిటికీ వైపు చూశారు. "రిజల్టు మీ సారు చెప్తారు."

ప్రొఫెసర్ ఆ పేరును అలాగే ఉంచారు. చీటీలో 'గుర్తించినవారు' అన్నచోట నా పేరొక్కటే ఉంది. ఆయన పేరు నేను అడగలేదు.