ఎవరి కారులో వచ్చారు?

2022వ సంవత్సరం, ఆగస్టు నెల. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ చుట్టుపక్కల నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. సివిల్ దావాల పని నేర్చుకోవడానికి సూర్యాపేటలోని నా కార్యాలయంలో ఆ నెలలోనే ఒక విద్యార్థిని చేరింది. పేరు కీర్తన, ఊరు కోదాడ. హైదరాబాదులో న్యాయశాస్త్రం నాలుగవ సంవత్సరం చదువుతోంది.

న్యాయ విద్యార్థి చదువులో భాగంగా ఒక న్యాయవాది వద్ద కొన్ని వారాలు పనిచేయడాన్ని ఎక్స్‌టర్న్‌షిప్ అంటారు. ఉద్దేశం ఉన్నతమైనదే. ఆచరణ మాత్రం సిగ్గుచేటు. చాలామంది మొదటిరోజు వచ్చి కోర్టు మెట్ల మీద ఫొటో దిగుతారు, మళ్లీ చివరిరోజు సర్టిఫికెట్ కోసం కనిపిస్తారు. మధ్యలో తండ్రులు ఫోన్ చేస్తారు: "వకీల్ సాబ్, మావోడు పరీక్షలతోని పరేషాన్ ఉన్నడు, జర సంతకం పెట్టియ్యిండ్రి." అలా పెట్టిచ్చే సీనియర్లకు కొదవ లేదు. నిజంగా నేర్చుకుందామని వచ్చిన పిల్లల చేత ఫైళ్లు మోయించి, జిరాక్సు దుకాణానికి తిప్పి పంపేవారికీ కొదవ లేదు. రోగిని తాకకుండా డాక్టరైనవాడి చేతికి మన ఒళ్లు అప్పగిస్తామా? మరి పొలం గట్టు తొక్కని వకీలు చేతికి రైతు తన భూమిని ఎలా అప్పగిస్తాడు?

అందువల్ల నా దగ్గరికి వచ్చేవారికి మొదటిరోజే నియమాలు చెబుతాను. నోటీసులో రాసిన సమయానికి రాసిన చోట ఉండాలి. ఏ కక్షిదారు బండీ ఎక్కకూడదు. వారింట ఏమీ ముట్టకూడదు.

"నీళ్లు కూడానా సార్?" అని అడిగింది కీర్తన.

"నీళ్లు కూడా."

"ఎండలో ఉంటే ఎలాగండీ?"

"సీసా తెచ్చుకో అమ్మా."

అప్పుడు నా చేతిలో మాడుగులపల్లి ప్రాంతపు దావా ఒకటి ఉంది. వాది సైదులు, రెండెకరాల రైతు. అతని పొలానికి నీళ్లు వచ్చే పిల్లకాలువ పై పొలం గుండా వస్తుంది. ఆ పై పొలాన్ని మిర్యాలగూడకు చెందిన ఒక రైస్ మిల్లు యజమాని కొని, వడ్లు ఆరబోసే కల్లం కోసం చదును చేయించడం మొదలుపెట్టాడు. కాలువ నోరు పూడ్చేశాడు. సైదులు పొలంలో నారు సిద్ధంగా ఉంది, నీళ్లు లేవు. నారు ముదిరితే ఆ సీజను పోయినట్టే.

కాలువను యథాతథంగా ఉంచాలని దావా వేసి, ముందుగా స్థలాన్ని చూసి రావడానికి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని కోరాను. అడ్వకేట్ కమిషనర్ అంటే కోర్టు తన తరఫున స్థల పరిశీలనకు పంపే న్యాయవాది. న్యాయమూర్తి పొలానికి రాలేరు కాబట్టి ఆయన కన్ను ఇతడే. కోర్టు ఒక యువ న్యాయవాదిని నియమించింది. పరిశీలన ఉదయం పదకొండు గంటలకు అని ఆయనే ఉభయ పక్షాలకూ నోటీసు ఇచ్చాడు.

నేనూ కీర్తనా బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, సమయానికి ముందే పొలానికి చేరుకున్నాం. అక్కడ కమిషనర్ లేడు. ఒక ట్రాక్టరు మాత్రం ఉంది. పూడ్చగా మిగిలిన కాలువ జాడ మీద అది అటూ ఇటూ తిరుగుతూ, కట్టనూ పల్లాన్నీ కలిపి దున్నేస్తోంది. సైదులు దానికి అడ్డంగా నిలబడి అరుస్తున్నాడు.

"ఏమయ్యా, కోర్టు పరిశీలన ఉందని తెలియదా? ఆపు!" అన్నాను.

డ్రైవరు ఇంజను కూడా ఆపలేదు. "నాకేం ఎర్క సారూ. పొద్దు మల్లేవరకు సాపుజెయ్యాలని సేటు చెప్పిండు. మీరు మీరు మాట్లాడుకోండ్రి."

కీర్తన అప్పటికే ఫోను తీసి వీడియో తీస్తోంది. కమిషనర్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎండ పెరిగింది. ఆమె నీళ్ల సీసా ఖాళీ అయింది. సైదులు భార్య మంగమ్మ చెంబునిండా మజ్జిగ తెచ్చింది.

"తాగు బిడ్డా, మొకం వాడిపోయింది."

"వద్దండీ. కేసు నడుస్తుండగా మీ దగ్గర ఏమీ తీసుకోకూడదు."

"ఓ యమ్మా! మజ్జిగకు గూడ కేసు పెడ్తరా?" అని నవ్వి, నా వైపు తిరిగి, "ఏం సదువు నేర్పుతున్నవ్ సారూ, పిల్ల సొమ్మసిల్లితే ఎవలది పాపం?" అని నిలదీసింది. కీర్తన చెంబు వైపు చూడకుండా గట్టు మీద కూర్చుంది.

భోజనాల వేళ దాటాక తెల్లని కారు ఒకటి వచ్చి ఆగింది. అది మిల్లు యజమానిది. దానిలోంచి కమిషనర్ దిగాడు, రుమాలుతో మూతి తుడుచుకుంటూ. మిల్లులోనే భోజనమైందని మిల్లు గుమాస్తా సంతోషంగా ప్రకటించాడు కూడా. దాచవలసిన విషయమని అతనికి తోచనే లేదు. కమిషనర్‌కు బండీ భోజనమూ ఏదో ఒక పక్షం చూసుకోవడం మా ప్రాంతంలో మర్యాద కిందే చెలామణి అవుతోంది! సైదులుకు కారు లేదు కాబట్టి ఆ మర్యాద అంతా ఒక వైపు నుంచే జరిగింది.

కమిషనర్ నమోదు చేయవలసిన అంశాలను రాసి ఇచ్చే పత్రాన్ని వర్క్ మెమో అంటారు. కాలువ జాడ, తాజాగా దున్నిన మట్టి, ట్రాక్టరు చక్రాల గుర్తులు, ఇవన్నీ రాయాలని మెమో ఇచ్చాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, నేను వచ్చేసరికి ఏముందో అదే రాస్తాను. ముందు ఏం జరిగిందో నాకు సంబంధం లేదు."

"ముందు జరగకూడదనే కదా మీరు పదకొండు గంటలకు రావలసింది?"

"కొంచెం ఆలస్యమైంది సార్, దానికింత కోపమా?"

ఆయన నివేదికలో ఇలా ఉంది: స్థలం చదునుగా ఉన్నది, కాలువ ఆనవాళ్లు కనిపించలేదు. అంతే.

ఇరుగుపొరుగు రైతులను సాక్ష్యమడిగాను. "రేపు మా వడ్లు గా మిల్లుకే పోవాలె సారూ" అని తలలు దించుకున్నారు. నేను చెబుదామంటే, సాక్షి అయిన న్యాయవాది ఆ దావాలో వాదించరాదు. వకాలత్ వదులుకుంటే, వాయిదా ముంగిట సైదులు పక్షాన నిలబడేవారే లేరు. వీడియో ఉంది, కానీ దాన్ని కోర్టు స్వీకరించాలంటే తీసిన మనిషే ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్, దాఖలు చేయాలి. ఆ సంగతి కీర్తనకు వివరించి, నిర్ణయం ఆమెదేనని చెప్పాను.

ఆమె సరేనంది, సాక్ష్యం చెప్పబోతున్నానని కళాశాలకు కూడా ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రమే అక్కడి సమన్వయకర్త నాకు ఫోన్ చేశాడు. "పిల్లల్ని పొలాల్లో తిప్పడం ఏమిటండీ? సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి పంపేస్తే పోయేది కదా! సాక్షిగా వెళితే ఆమె ఎక్స్‌టర్న్‌షిప్‌ను మేము లెక్కలోకి తీసుకోం."

ఒక అధ్యాపకుడు, న్యాయం బోధించి జీతం తీసుకునేవాడు, నాతో అన్న మాట ఇది. కీర్తనకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నేను చూసింది చెప్పడానికి వాళ్ల పర్మిషన్ ఎందుకండీ?" అంది.

ఆమె ప్రమాణపత్రాన్ని దాఖలు చేశాను. సాక్షి గనుక ఆనాటి నుంచి ఆ ఫైలును ఆమె చేత ముట్టించలేదు. వాయిదా రోజు ప్రతివాది న్యాయవాది లేచి, "ఈ అమ్మాయి వాదికి అతిథి, వాళ్ల తిండి తిని వాళ్ల మాట చెబుతోంది" అన్నాడు. న్యాయమూర్తి ఆమెను ముందుకు పిలిచారు.

"ఆ రోజు పొలానికి ఎవరి వాహనంలో వెళ్లారు?"

"బస్సులో సార్. తర్వాత ఆటోలో."

"వాది ఇంట్లో ఏమైనా తీసుకున్నారా?"

"మజ్జిగ ఇచ్చారు సార్. తాగలేదు."

కోర్టు హాలులో ఎవరో నవ్వారు. న్యాయమూర్తి నవ్వలేదు. ఆయన చూపు మెల్లగా కమిషనర్ మీదికి వెళ్లింది.

"మీరు ఎవరి కారులో వచ్చారు?"

కమిషనర్ లేచి నిలబడ్డాడు. "అక్కడ ఆటోలు దొరకవని సార్..." అని మొదలుపెట్టాడు. ఆటోలోనే వచ్చిన పిల్ల పక్కనే నిలబడి ఉంది.

నివేదికను తోసిపుచ్చి, కాలువను వెంటనే తెరవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి సగం నారు ముదిరిపోయింది. సైదులు ఒక ఎకరంలో నాటు వేసుకోగలిగాడు, రెండోది ఆ ఏడాది బీడుగానే ఉండిపోయింది. ఆ ఎకరానికి ఎవరూ జవాబుదారు కాలేదు. ఆ కమిషనర్ ఈ రోజుకూ కమిషన్లకు వెళుతూనే ఉన్నాడు. కళాశాల అన్నంత పనీ చేసింది. కోర్టు మెట్ల మీద ఫొటో దిగిన సహాధ్యాయులకు పూర్తి మార్కులు వచ్చాయి, కీర్తన మరుసటి సంవత్సరం మళ్లీ ఎక్స్‌టర్న్‌షిప్ చేయవలసి వచ్చింది.

నా వృత్తి జీవితంలో ఎన్నో నివేదికల మీద ఆక్షేపణలు రాశాను. ఈ దావా తర్వాత వాటన్నిటికంటే ముందు ఒకే ప్రశ్న వేస్తున్నాను. కోర్టు కన్నుగా వెళ్లేవాడు ఎవరి కారు ఎక్కాడో తెలిస్తే, ఆ కన్నుకు ఏది కనిపించదో ముందే తెలిసిపోతుంది. చట్టం పుస్తకాలలో చదువుకోవచ్చు. ఎండలో దాహంతో కూర్చోవడం పొలం గట్టు మీదే నేర్చుకోవాలి. అలా కూర్చోనివారికి సర్టిఫికెట్ ఇవ్వడం సైదులు వంటివారికి చేసే ద్రోహమే.

మరుసటి ఏడాది మిల్లు యజమాని దిగివచ్చాడు. కల్లం కింద నుంచి కాలువకు పైపులు వేయించి, లోక్ అదాలత్‌లో, అంటే రాజీతో తగాదాలు తేల్చే అదాలత్‌లో, సంతకం చేశాడు. సంగతి తెలిసి కీర్తన కోదాడ నుంచి బస్సులో వచ్చింది. కోర్టు వరండాలో మంగమ్మ మూత పెట్టిన స్టీలు చెంబుతో ఎదురుచూస్తోంది.

"ఇగ కేసు ఖతమైంది గద బిడ్డా. ఇప్పుడన్న తాగుతవా?"

కీర్తన చేయి చాచబోయి ఆగింది. నా వైపు తిరిగింది.

"సార్, దీని మీద వాళ్లు అప్పీలుకు వెళ్లొచ్చా?"

"లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదమ్మా," అన్నాను. "తాగు."