కట్టె పెట్టి చూసిన విమానం

కరోనా రెండో ఏడు, సూరత్ నుంచి భావ్‌నగర్‌కు ఒంటి ఇంజను చిన్న విమానం ఎక్కబోతున్నాం. అప్పటికే మా ఆరుగురికీ మూడుసార్లు జ్వరం చూశారు. లాక్‌డౌన్‌లో నెలల తరబడి కదలకుండా ఉన్న విమానాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్కన చేరినాయనది సిరిసిల్ల. సూరత్ పాండేసరలో గుడ్డలకు రంగులేసే మిల్లులో మాస్టర్. పైలట్‌ను ఆపి, "సాబ్, టాంకీ మే లకడీ డాల్‌కే దేఖా క్యా?" అని, ట్యాంకులో కట్టె పెట్టి చూశావా అని అడిగాడు.

మీటరు ఫుల్లు చూపిస్తోందని పైలట్ ఓపిగ్గా చెప్పాడు.

మాస్టర్ నావైపు తిరిగాడు. "మా జనరేటర్ మీటర్ గూడ ఎప్పుడూ ఫుల్లే సూపిస్తది సారూ. అందుకే డీజిల్ల కట్టె పెట్టి సూస్తం. ఆడ మిషన్ ఆగితే గుడ్డ ఖరాబైతది. గీడ ఆగితే మనం ఖరాబైతం."

"అంతదాకా రాదులే అన్నా."

"అయితే మీరు ముందుగాల ఎక్కుండ్రి."

నేను ఎక్కలేదు.

పైలట్ నిట్టూర్చి, నిచ్చెన వేసి, రెక్క మీది మూత తీసి కొలకర్ర ముంచాడు. వేలెడే తడిసింది. తుడిచి మళ్ళీ ముంచాడు. కర్ర తన అభిప్రాయం మార్చుకోలేదు. ఇంధనం బండి పంపమని ఫోన్ చేసి, కిందికి దిగి, మాస్టర్‌కు దండం పెట్టాడు.

మాస్టర్ దండం అందుకున్నాడు. "ఔర్ దూస్రా పంఖ్, సాబ్?"

పైలట్ నిచ్చెన భుజానేసుకుని రెండో రెక్కవైపు నడిచాడు. ఆరడుగుల దూరం పాటిస్తూ మేం ఆరుగురం వెనకే వెళ్ళాం.