పరుపు మీద పట్టు

కాలేజీ జట్టులో ఆఖరి ఏడాది ఆడాలా, అంతర్జాతీయ ఫ్రీస్టైల్ శిబిరానికి వెళ్లాలా అన్నది సాయంత్రంలోగా తేల్చాలి. నాన్న కుట్టిన పరుపుల మీదే కుస్తీ నేర్చిన ఆ అమ్మాయి పొద్దుటి నుంచీ దుకాణంలో తల పట్టుకుని కూర్చుంది. చూడలేక అన్నయ్య ఆమెను పరుపు మీదికి లాగి, వెనక నుంచి పట్టేశాడు. వీపు మీదుగా దొర్లి తప్పించుకోవడం కాలేజీ పోటీల్లో ఆమెకు పేరు తెచ్చిన ఎత్తు; ఫ్రీస్టైల్లోలా కాదు, అక్కడి నియమాల్లో అలా దొర్లినంత మాత్రాన ఎదుటివాళ్లకి పాయింట్లు రావు. ఇవాళ మాత్రం బల్లిలా బోర్లా అతుక్కుపోయింది.

“దొర్లవేమే? తిండి తినలేదా?”

“వీపు కిందికి తిరిగితే ఫ్రీస్టైల్లో నీకు పాయింట్లొస్తాయి అన్నయ్యా! ఆ ఆశలేం పెట్టుకోకు.”

నాన్న సూది ఆపి పకపకా నవ్వాడు. “ఇంకా ఆలోచనేంటే? నీ ఒళ్లు ఎప్పుడో తేల్చేసుకుంది. శిబిరం వాళ్లకి ఫోన్ చెయ్యి!”

ఆమె నోరు వెళ్లబెట్టింది. అదే అదనుగా అన్నయ్య వెల్లకిలా తిప్పేశాడు. ఆమె నవ్వుతూ, అలా పడుకునే ఫోన్ అందుకుంది.